జింక్ కాంపౌండ్స్: అయానిక్ అని రాస్తే లెక్క ఎందుకు కుదరట్లేదు?

జింక్ లోహం, క్లోరిన్ అలోహం, కాబట్టి బాండ్ అయానిక్ (అంటే ఒకటి ఎలక్ట్రాన్లు ఇచ్చేస్తుంది, ఇంకోటి తీసుకుంటుంది), అయిపోయింది అనుకుంటాం. సోడియం దగ్గర ఈ రూల్ నడుస్తుంది, జింక్ దగ్గర మాత్రం తేడా కొడుతుంది.

సమస్య: జింక్ క్లోరైడ్ అయానిక్ అని రాశారు, కానీ అది 290 డిగ్రీల దగ్గరే కరిగిపోతోంది. మెగ్నీషియం క్లోరైడ్ అయితే 714 దాకా ఆగుతుంది. రెండిట్లో ఉన్నదీ టూ ప్లస్ అయానే, సైజు కూడా దాదాపు ఒకటే, మరి ఇంత తేడా ఏంటి?

కారణం: సైజు ఒకటే గానీ లోపలి సరుకు వేరు. జింక్ అయాన్‌కి 3డి అనే ఉపకక్ష్యలో పది ఎలక్ట్రాన్లు ఉంటాయి, అవి న్యూక్లియస్ లాగుడుని సరిగా అడ్డుకోలేవు, దాంతో జింక్ పక్కనున్న క్లోరైడ్ ఎలక్ట్రాన్లని తనవైపు గుంజుకుంటుంది, ఇచ్చిపుచ్చుకోవడం కాస్తా పంచుకోవడం వైపు జరిగిపోతుంది. ఎలక్ట్రోనెగటివిటీ (బాండ్‌లోని ఎలక్ట్రాన్లని తనవైపు లాక్కునే శక్తి) చూసినా జింక్‌ది 1.65, క్లోరిన్‌ది 3.16, తేడా 1.51 మాత్రమే, తేడా తగ్గేకొద్దీ పంచుకోవడం పెరుగుతుంది. అదే ఫ్లోరిన్‌తో అయితే 2.33 వస్తుంది, జింక్ ఫ్లోరైడ్ 872 డిగ్రీల దాకా కరగదు.

ఏం చేయాలి: జింక్‌ని ఒక్కదాన్నే చూసి తేల్చేయకండి, జత ఎవరో చూడండి. జింక్ క్లోరైడ్‌కి "కోవలెంట్ గుణం (ఎలక్ట్రాన్లు పంచుకునే గుణం) బాగా ఉంది" అని రాస్తే కరెక్ట్.

సమస్య: సరే కోవలెంట్ అనుకుని జింక్ సల్ఫైడ్‌కి ఒక జింక్, ఒక సల్ఫర్, మధ్యలో రెండు గీతలు పెట్టి ఇదే మాలిక్యూల్ అనేశారు.

కారణం: కోవలెంట్ అంటే మాలిక్యూలే అనుకోవడం. నాకు తెలిసి అందరూ ఎక్కువగా పడే గొయ్యి ఇదే. జింక్ సల్ఫైడ్ స్ఫటికంలో ప్రతి జింక్ చుట్టూ నాలుగు సల్ఫర్లు, ప్రతి సల్ఫర్ చుట్టూ నాలుగు జింకులు, అలా అల్లుకుంటూ పోతుంది, ఎక్కడా విడి ముక్క ఉండదు. ఫార్ములా చెప్పేది నిష్పత్తి మాత్రమే. జింక్ ఆక్సైడ్ కూడా అంతే.

ఏం చేయాలి: "ఇందులోంచి ఒక్క ముక్కని విడిగా చూపించగలనా?" అని అడగండి. డైఇథైల్ జింక్‌లో చూపించగలం, మధ్యలో జింక్, అటొక ఇథైల్ ఇటొక ఇథైల్, కార్బన్-జింక్-కార్బన్ తిన్నగా ఒకే గీతలో. అందుకే అది మామూలు టెంపరేచర్‌లో ద్రవం, 117 డిగ్రీలకే మరుగుతుంది (గాలి తగిలితే తనంతట తానే అంటుకుంటుంది, కాబట్టి బొమ్మలో చూస్తే చాలు).

సమస్య: జింక్ క్లోరైడ్‌ని నీళ్ళలో కలిపితే టెస్ట్ ట్యూబ్‌లో పల్చటి తెల్లటి మబ్బు, ఎంత ఊపినా పోదు.

కారణం: పొడి పాడైందనుకుని పారేయకండి, ఇదీ ఆ గుంజుడే. జింక్ ఈసారి నీటిలోని ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది, హైడ్రోజన్ అయాన్ ఊడిపోతుంది, కరగని బేసిక్ క్లోరైడ్ (క్లోరైడ్‌తో పాటు హైడ్రాక్సైడ్ కూడా ఉన్న జింక్ కాంపౌండ్) తయారవుతుంది.

ఏం చేయాలి: గాగుల్స్ పెట్టుకుని డైల్యూట్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఒక్కో చుక్కా వేస్తూ ఊపండి. చుక్క పడిన చోట ముందు తేట పడుతుంది, కాసేపటికి ట్యూబ్ మొత్తం.