ఐసీయూ పోస్టుకు పిలుపు రావడం లేదా? ముందు మీ ఎక్స్‌పీరియన్స్ లెటర్ తీసి చదవండి

బీఎస్సీ నర్సింగో, జీఎన్‌ఎమ్ (నర్సింగ్ డిప్లొమా) కోర్సో పూర్తి చేసి, ఒకటి రెండేళ్లు వార్డులో పనిచేసి, ఇప్పుడు ఐసీయూకో, క్యాథ్ ల్యాబ్‌కో (గుండె రక్తనాళాలకు పరీక్షలు, చికిత్స చేసే చోటు), ఎన్ఐసీయూకో (పుట్టిన పసికందుల ఐసీయూ) మారాలనుకుంటున్న వాళ్ల కోసం ఇది. తిరుపతిలో స్విమ్స్, రుయా, 2021లో మొదలైన చిన్నపిల్లల గుండె ఆసుపత్రి, ఇంకా ప్రైవేటు ఆసుపత్రులు చాలానే ఉన్నాయి. చిత్తూరు వాళ్లకు వేలూరు కూడా దగ్గరే. అయినా ఇలాంటి యూనిట్‌లో ఒక్క ఖాళీ పడితే అప్లికేషన్లు కట్టలు కట్టలుగా వస్తాయి. నా దగ్గరికి వచ్చే పిల్లలందరూ "సిస్టర్, ఏ కోర్సు చేస్తే వస్తుంది?" అనే అడుగుతారు. కోర్సు సంగతి తర్వాత, ముందు ఫైలు చూపించమ్మా అంటాను. పదిమందిలో ఎక్కువమందికి తప్పు అక్కడే దొరుకుతుంది.

సమస్య: ఎన్నిచోట్ల అప్లై చేసినా ఒక్క ఫోన్ కూడా రాదు.

మొదట రిజిస్ట్రేషన్ చూడండి. ఇది అందరికీ తెలిసిందే, అయినా అందరూ దాటేస్తారు. వేలూరులో, బెంగళూరులో చదివిన మన జిల్లా పిల్లలకు అక్కడి రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది. ఇక్కడ పనిచేయాలంటే ఆ కౌన్సిల్ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుని ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌లో నమోదు కావాలి. రెన్యూవల్ గడువు దాటిందా? పదో తరగతి మార్కుల లిస్టులో, ఆధార్‌లో, రిజిస్ట్రేషన్‌లో ఇంటిపేరు ఒకేలా ఉందా? ఈ సందేహాలు ఇవాళే తీర్చుకోండి. గుండె ఆగినప్పుడు ప్రాణం నిలిపే శిక్షణకు ఇచ్చే బీఎల్‌ఎస్, ఏసీఎల్‌ఎస్ కార్డులు ఉంటే తేదీ చూడండి, అవి రెండేళ్లే చెల్లుతాయి.

అవన్నీ సరిగ్గా ఉన్నా పిలుపు రాకపోతే అసలు కారణం ఎక్స్‌పీరియన్స్ లెటర్. నేను దెబ్బతిన్నది ఇక్కడే.

నా మొదటి ఉద్యోగం తిరుపతిలోనే, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. ఏడాదిన్నర చేశాను. అందులో చివరి పది నెలలు మెడికల్ ఐసీయూలోనే ఉన్నాను. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లను చూశాను, ఆర్టీరియల్ లైన్లు (బీపీ చూడటానికి ధమనిలో పెట్టే సన్నని గొట్టాలు) చూశాను, రాత్రిళ్లు ఇద్దరిద్దరు రోగులను ఒక్కదాన్నే చూసుకున్నాను. మానేసేటప్పుడు ఇచ్చిన కాగితంలో మాత్రం "స్టాఫ్ నర్సుగా పనిచేశారు, ప్రవర్తన బాగుంది" అని రెండే వాక్యాలు. సంతోషంగా తీసుకుని వచ్చేశాను. తర్వాత కార్డియాక్ ఐసీయూ పోస్టుకు వెళ్తే దాన్ని వార్డు అనుభవంగానే లెక్కగట్టారు. పాత చోటికి పరుగెత్తాను. ఐసీయూలో మనుషులు చాలక నన్ను సర్దుబాటు మీద పంపారట. డ్యూటీ చార్టులో నా పేరు పది నెలలూ వార్డు కిందే ఉంది. నర్సింగ్ సూపరింటెండెంట్ కూడా మారిపోయారు. కొత్తగా వచ్చినావిడ "నేను చూడని డ్యూటీకి ఎలా సంతకం పెట్టేది అమ్మా" అన్నారు. ఆమెను తప్పుపట్టలేను. కానీ మళ్లీ వార్డులో చేరి ఏడాది పోగొట్టుకున్నాను. ఆ ఏడాది ఇప్పటికీ బాధే.

అప్లికేషన్లు వడపోసేది మొదట హెచ్‌ఆర్ విభాగం. వాళ్లు కాగితంలో యూనిట్ పేరు, నెలలు వెతుకుతారు. అవి లేకపోతే మీ చేతికి ఎంత పని వచ్చినా మీ ఫైలు నర్సింగ్ అధికారుల దాకా వెళ్లదు.

పరిష్కారం: లెటర్‌లో నాలుగు విషయాలు రాయించండి. యూనిట్ పేరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్ని పడకలు, ఎలాంటి రోగులు. "12 పడకల మెడికల్ ఐసీయూలో వెంటిలేటర్ రోగుల సంరక్షణ చూశారు" అన్న ఒక్క వాక్యం చాలు. పని మానేశాక కాదు, నోటీసు పీరియడ్ మొదట్లోనే ముసాయిదా టైపు చేసి మీ ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి చూపించండి. సర్దుబాటు మీద వేరే యూనిట్‌కి పంపి నెల దాటితే, డ్యూటీ చార్టులో యూనిట్ మార్చమని సూపరింటెండెంట్‌కి అర్జీ పెట్టండి. మీ కాపీ మీద రిసీవ్డ్ ముద్ర వేయించుకోవడం మరవద్దు. నేర్చుకున్న పనులకు తేదీలతో ఒక నోట్‌బుక్ పెట్టి నెలనెలా ఇన్‌ఛార్జ్ సంతకం తీసుకోండి. రోగుల పేర్లు, ఐపీ నంబర్లు (ఆసుపత్రిలో చేరినప్పుడు రోగికి ఇచ్చే నంబర్లు) మాత్రం అందులో రాయకూడదు.

ఇప్పటికే మానేసిన వాళ్లు పాత జీతం స్లిప్పులు, ట్రైనింగ్ హాజరు కాగితాలు పట్టుకుని, అప్పటి ఇన్‌ఛార్జ్‌ని వెంటబెట్టుకుని వెళ్లండి. రౌండ్లు అయిపోయాక మధ్యాహ్నం వెళ్తే వినే తీరిక ఉంటుంది. దొంగ లెటర్ జోలికి మాత్రం పోవద్దు. ఫోన్ చేసి కనుక్కుంటారు, అప్పుడు రిజిస్ట్రేషనే ప్రమాదంలో పడుతుంది.

సమస్య: పిలిచారు, ఇంటర్వ్యూలో పోయింది.

చాలాసార్లు మందు లెక్క దగ్గరే పోతుంది. 50 ఎంఎల్‌లో 4 మిల్లీగ్రాముల నార్‌అడ్రినలిన్ (బీపీ పెంచే మందు) ఉంది, 60 కిలోల రోగికి నిమిషానికి కిలోకి 0.1 మైక్రోగ్రాము ఇవ్వాలి, పంపు ఎంత పెడతారు? గంటకు 4.5 ఎంఎల్. కాగితం మీద చేసి చూసుకోండి. ఏబీజీ (ధమని రక్తంలో ఆక్సిజన్, ఆమ్లత చూసే పరీక్ష) చదవడం, వెంటిలేటర్‌లో హై ప్రెషర్ అలారం మోగితే ముందు రోగిని చూసి, ఆ తర్వాత కఫం, ట్యూబు మడత, గొట్టంలో నీళ్లు చూడటం నోటికి వచ్చి ఉండాలి. టెన్షన్‌లో కూడా వరుస తప్పకూడదు.

సమస్య: ఇప్పుడున్న ఆసుపత్రిలోనే అడిగినా ఐసీయూకి మార్చడం లేదు.

నోటిమాటగా అడిగి ఉంటారు. రాతపూర్వకంగా ఇవ్వండి. నేరుగా ఐసీయూ రాకపోతే హెచ్‌డీయూ (వార్డుకు, ఐసీయూకు మధ్య స్థాయి యూనిట్) అడగండి, అక్కడి నుంచి దారి దగ్గర.

సిఫారసు లేక రాలేదు, కాలేజీ పేరు చూసి తీసేశారు అనేవి నేను అరుదుగా చూశాను. హెపటైటిస్ బి టీకా మూడు డోసుల కాగితం లేక ఆగిన కేసు ఒకటి రెండుంటాయి. అది వేయించుకుంటే సరిపోతుంది.