పాసివ్ ప్రీయాంప్ పెట్టాక ట్రెబుల్ తగ్గిందా? ముందు కేబుల్ కొలవండి

ప్రీయాంప్ అంటే పాట వచ్చే పరికరానికీ (సోర్స్) స్పీకర్లను నడిపే పవర్ యాంప్‌కూ మధ్య ఉండే పెట్టె. పాసివ్ ప్రీయాంప్ అయితే అందులో ఒక వాల్యూమ్ పాట్ (నాబ్‌తో విలువ మారే రెసిస్టర్), ఒక సెలెక్టర్ స్విచ్, అంతే. దానికి కరెంటు అక్కర్లేదు. సిగ్నల్‌ను తగ్గించగలదు గానీ పెంచలేదు. యాక్టివ్ ప్రీయాంప్ పెంచగలదు, తన తర్వాత వచ్చే కేబుల్‌ను నడిపే బలం కూడా దానికుంటుంది. అందరూ గెయిన్ (సిగ్నల్‌ను పెంచడం) దగ్గరే వాదించుకుంటారు, ఈ బలం సంగతి ఎవరికీ పట్టదు.

సౌండ్ చాలడం లేదు

సోర్స్ ఎన్ని వోల్టులు ఇస్తోందో, పవర్ యాంప్ ఎన్ని అడుగుతోందో మాన్యువల్‌లో చూడండి. రెండు నిమిషాల పని, ఎవరూ చెయ్యరు. సీడీ ప్లేయర్లు, డీఏసీలు (డిజిటల్ పాటను సిగ్నల్‌గా మార్చే పెట్టెలు) సాధారణంగా 2 వోల్టులు ఇస్తాయి. యాంప్ సెన్సిటివిటీ (పూర్తి సౌండ్‌కు అది అడిగే వోల్టేజీ) 1 వోల్టు అని ఉంటే మీకు గెయిన్ అక్కర్లేదు. ఫోన్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి అర వోల్టు తీసుకుని, 2 వోల్టులు అడిగే యాంప్‌కు ఇస్తున్నారంటే మాత్రం యాక్టివ్ కొనుక్కోండి, వేరే దారి వెతక్కండి. టర్న్‌టేబుల్ లెక్క వేరు. ఎంఎం (మూవింగ్ మాగ్నెట్) కార్ట్రిడ్జ్, అంటే సూది ఉండే భాగం, ఇచ్చేది 5 మిల్లీవోల్టుల చుట్టుపక్కల, కాబట్టి ప్రీయాంప్ ఏదైనా దానికి ముందు ఫోనో స్టేజ్ (ఆ చిన్న సిగ్నల్‌ను పెంచే సర్క్యూట్) ఉండాల్సిందే.

సౌండ్ సరిపోతోంది, కానీ తాళాల మోత మొద్దుబారింది

అసలు తంటా ఇక్కడే. జనం ట్వీటర్‌ను తిడతారు, డీఏసీ మారుస్తారు, చివరికి 'పాసివ్‌లో ప్రాణం ఉండదు' అని తేల్చేసి పెట్టెను అమ్మేస్తారు. వాల్యూమ్ తగ్గించి విన్నప్పుడు బాగానే ఉండి, పెంచేకొద్దీ పైస్థాయి మందగిస్తుంటే దోషం పాట్‌కీ కేబుల్‌కీ మధ్య ఉంది.

పాట్ ఔట్‌పుట్ ఇంపిడెన్స్ (సిగ్నల్‌కు అది పెట్టే అడ్డు) నాబ్‌తో పాటు మారుతుంది. సిగ్నల్ సగానికి తగ్గే చోట, అంటే మైనస్ 6 డీబీ దగ్గర, అది గరిష్ఠం: పాట్ విలువలో నాలుగో వంతు. లాగ్ పాట్‌లో (వాల్యూమ్‌కు మామూలుగా వాడే రకం) ఆ చోటు నాబ్ ముప్పావు వంతు తిరిగిన చుట్టుపక్కల వస్తుంది. 50 కిలో ఓమ్‌ల పాట్ అయితే అక్కడ 12.5 కిలో ఓమ్‌లు. కేబుల్‌కు కెపాసిటెన్స్ (ఛార్జ్ నిలుపుకునే గుణం) ఉంటుంది, అడ్డు పెరిగేకొద్దీ అది పైస్థాయిని మింగేస్తుంది. మీటరుకు 150 పికోఫారడ్‌ల కేబుల్ 5 మీటర్లు లాగితే 750 పికోఫారడ్‌లు. ఈ రెండూ కలిస్తే 17 కిలోహెర్ట్జ్ దగ్గర 3 డీబీ పడిపోతుంది, 10 కిలోహెర్ట్జ్ దగ్గరే 1 డీబీకి పైగా పోతుంది. అదే పాట్ మైనస్ 20 డీబీలో ఉంటే ఇంపిడెన్స్ 4.5 కిలో ఓమ్‌లే, నష్టం చెవికి అందదు. రాత్రిపూట మెల్లగా విన్నప్పుడు అంతా బాగుండడానికి కారణం అదే.

కెపాసిటెన్స్ రేంజ్ ఉన్న మల్టీమీటర్ తీసుకోండి. కేబుల్‌ను రెండు వైపులా పీకి, ఆర్‌సీఏ మధ్య పిన్‌కూ బయటి రింగుకూ మీటర్ పెట్టండి. 0.75 నానోఫారడ్ అని చూపిస్తే దొంగ దొరికినట్టే. కేబుల్ ఖరీదుతో దీనికి సంబంధం లేదు, బాగా ఖరీదైన వాటిలోనూ ఎక్కువ కెపాసిటెన్స్ ఉన్నవి ఉంటాయి.

పరిష్కారానికి పైసా ఖర్చు లేదు: పాసివ్ పెట్టెను పవర్ యాంప్ పక్కకు జరపండి. పొడవు కేబుల్ సోర్స్ వైపు ఉండాలి, పాట్ నుంచి యాంప్‌కు అర మీటరు చాలు. 100 ఓమ్‌ల ఔట్‌పుట్ ఉన్న డీఏసీకి ఆ 750 పికోఫారడ్‌లు లెక్కే కాదు. లేచి వెళ్లి వాల్యూమ్ తిప్పాలా అని అడుగుతారు. అవును, తిప్పాలి. కుదరదంటే పాట్‌ను 10 కిలో ఓమ్‌లకు మార్చండి, గరిష్ఠం 2.5 కిలో ఓమ్‌లకు దిగుతుంది. అదీ వద్దంటే పాట్ తర్వాత గెయిన్ లేని బఫర్ (సిగ్నల్‌ను పెంచకుండా కేబుల్‌ను నడిపే బలం మాత్రమే ఇచ్చే సర్క్యూట్) పెట్టండి. నెల్సన్ పాస్ డిజైన్ చేసిన బీ1 ఆ కోవదే.

కేబుల్ పొట్టిగా ఉన్నా ట్రెబుల్ పోతోందంటే యాంప్ లోపల ఇన్‌పుట్ ఫిల్టర్ కెపాసిటర్ చూడండి. అక్కడ 1 నానోఫారడ్ ఉంటే అదొక్కటే ఆ 5 మీటర్ల కేబుల్ కంటే ఎక్కువ చెడగొడుతుంది. అలాంటి యాంప్‌కు బఫరో యాక్టివో ఉండాలి.

బేస్ పలచబడింది

10 కిలో ఓమ్‌ల పాట్ వేశాక ఇది మొదలైతే సోర్స్ ట్యూబ్‌దేమో (వాక్యూమ్ ట్యూబులతో పనిచేసేదేమో) చూడండి. దాని ఔట్‌పుట్ కెపాసిటర్ 0.47 మైక్రోఫారడ్ అయితే, 10 కిలో ఓమ్‌ల మీద 34 హెర్ట్జ్ దగ్గరే 3 డీబీ పోతుంది. ట్యూబ్ సోర్స్ ఉన్నవాళ్లు పాట్ చిన్నది చేసుకోవడం కాదు, బఫర్ పెట్టుకోవాలి.

యాక్టివ్ పెట్టాక నాబ్ కదిపితే చాలు, ఇల్లు అదురుతోంది

2 వోల్టుల సోర్స్ మీద 20 డీబీ గెయిన్ పెడితే అంతే. నాబ్ కింది అంచులోనే వాడాల్సి వస్తుంది. పాట్‌లో ఎడమ, కుడి ఛానళ్లు సరిగా జత కుదరని చోటు కూడా అదే. గెయిన్ తగ్గించే స్విచ్ ఉంటే వాడండి, లేకపోతే యాంప్ ముందు 10 డీబీ అటెన్యుయేటర్లు (సిగ్నల్‌ను తగ్గించేవి) పెట్టండి.

హమ్ వస్తే గ్రౌండ్ లూప్ (పరికరాల ఎర్త్ దారులు కలిసి చుట్టుగా మారడం), నాబ్ తిప్పితే గరగరలాడితే అరిగిన పాట్. ఈ రెండింటి కోసం ప్రీయాంప్ రకం మార్చక్కర్లేదు.