ఫోటో దిద్దుదాం – 4వ పాఠం: అంచులు కరిగిపోయే బొమ్మ

పోయిన పాఠంలో మీ ఇంట్లోని పాత ఫోటో ఒకటి స్కాన్ చేసి, ఫోటోలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్ గింప్‌లో తెరిచి, దాని కింద మీగడ రంగు నింపిన లేయర్ (ఒకదాని మీద ఒకటి పరిచే పొర) వేసుకున్నారు. ఆ రంగు ఇంకా కనపడటం లేదు, పైనున్న ఫోటో దాన్ని పూర్తిగా కప్పేసింది. ఈసారి ఫోటో అంచులు మెల్లగా పలచబడి ఆ రంగులో కలిసిపోయేలా చేద్దాం.

ఎరేజర్ మాత్రం ముట్టుకోవద్దు. చాలా ఏళ్ల కిందట మా నాయనమ్మ ఫోటో అంచుల్ని నేను ఎరేజర్‌తోనే పలచబరిచాను. బాగానే వచ్చిందనుకుని అదే ఫైలు మీద సేవ్ చేశాను. ఆమె పైట అంచు, చెయ్యి ఆన్చిన కుర్చీ చెరిగిపోయాయి. కాగితం ఫోటో ఆ తర్వాత గోడ చెమ్మకు అద్దానికి అతుక్కుపోయింది. ఆ కుర్చీ ఎలా ఉండేదో ఇప్పుడు మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

మాస్క్‌తో ఆ భయం ఉండదు. అది ఫోటో మీద పరిచిన నలుపు తెలుపుల ముసుగు. తెలుపు ఉన్నచోట ఫోటో కనపడుతుంది, నలుపు ఉన్నచోట దాక్కుంటుంది, మధ్యలోని బూడిద రంగు ఎంత చిక్కగా ఉంటే ఫోటో అంత పలచబడుతుంది. మామూలు ఫైల్లో నలుపు నుంచి తెలుపు దాకా 256 మెట్లు ఉంటాయి. ఫోటోలోంచి ఒక్క చుక్క కూడా పోదు, మాస్క్ తీసేస్తే అంతా తిరిగొస్తుంది.

వెనకటి స్టూడియోల్లో ఈ పని అట్టముక్కతో జరిగేది. డార్క్‌రూమ్‌లో ఎన్‌లార్జర్‌కూ (నెగెటివ్ బొమ్మను పెద్దది చేసి కాగితం మీద వెలుగుగా వేసే యంత్రం) కాగితానికీ మధ్య కోడిగుడ్డు ఆకారంలో కన్నం చేసిన అట్ట పట్టుకుని, వెలుగు పడుతున్నంతసేపూ పైకీ కిందికీ ఆడించేవారు. అట్ట కదలడం వల్లే అంచు మెత్తగా వచ్చేది. వెలుగు తగలని కాగితం తెల్లగా మిగిలిపోయేది. మన మాస్క్ ఆ అట్టే, అంచును మెత్తబరిచే ఫెదర్ ఆ కదలికే.

లేయర్ల జాబితాలో ఫోటో లేయర్ మీద నొక్కి, ఎలిప్స్ సెలెక్ట్ తీసుకుని ముఖాల చుట్టూ అండాకారం గీయండి. సెలెక్ట్ మెనూలో ఫెదర్ తెరిచి 150 పిక్సెళ్లు ఇవ్వండి. 4×6 అంగుళాల ఫోటోను 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేస్తే 1200×1800 పిక్సెళ్లు వస్తుంది, దానికి నా లెక్క ఇది. మీ ఫైలు పొడవు, వెడల్పు ఇంతకు రెండింతలుంటే ఫెదర్ కూడా రెండింతలు చేయండి. ఆ తర్వాత లేయర్ మెనూలో మాస్క్, అందులో యాడ్ లేయర్ మాస్క్ నొక్కి, సెలెక్షన్ ఎంచుకోండి. అంచులు కరిగిపోతాయి. వెంటనే సెలెక్ట్ నన్ నొక్కడం మరవకండి. లేకపోతే తర్వాత బ్రష్ పట్టినా ఆ అండాకారం బయట రంగు పడదు.

ఇప్పుడు బొమ్మను పెద్దది చేసి నాలుగు అంచులూ నిదానంగా చూడండి. ఎక్కడైనా వెంట్రుకంత సన్నటి తిన్నని గీత కనపడుతోందా? ఈ పనిలో అందరూ చేసే తప్పు ఇదే. ఫెదర్ మనం గీసిన గీతకు లోపలికీ బయటికీ కూడా పాకుతుంది. అండాకారం ఫోటో అంచుకు మరీ దగ్గరైతే, మాస్క్ పూర్తిగా నల్లబడకముందే ఫోటో అయిపోతుంది. తెరమీద కంటికి ఆనకపోయినా, ప్రింటులో ఆ గీత తేలొచ్చు. మాస్క్ తీసేసి, అండాకారం కొంచెం చిన్నది చేసి మళ్లీ వేయండి.

ఒకవైపే ఇంకాస్త పలచబడాలంటే, కింద మరకలున్న ఫోటోల్లో ఇది తప్పదు, ఒక రంగు నుంచి ఇంకో రంగుకు మెల్లగా మారే పూత వేసే గ్రేడియంట్ వాడాలి. డీ నొక్కితే నలుపు, తెలుపు సిద్ధమవుతాయి. గ్రేడియంట్ మోడ్‌ను తప్పకుండా మల్టిప్లై చేయండి, నార్మల్‌లో ఉంచితే ఇందాక చేసిన అండాకారం మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఫోటో మాయం కావాల్సిన చోట మొదలుపెట్టి, నిండుగా కనపడాల్సిన చోటికి లాగి ఎంటర్ నొక్కండి.

దీనికి ముందు జాబితాలో మాస్క్ బొమ్మ మీదే నొక్కారో లేదో చూసుకోండి. మాస్క్ మీద ఉంటే లేయర్ చుట్టూ గీతలు ఆకుపచ్చగా కనపడతాయి. అలా లేకపోతే నలుపు ఫోటో మీదే పడుతుంది.

చివరి పని బ్రష్‌తో. నా మనసుకు దగ్గరైన పని కూడా ఇదే. యంత్రం గీసిన అండాకారానికి పైట కొంగు తెలియదు, ఒళ్లో ఉన్న పసిపాప కాలు తెలియదు. మెత్తటి అంచున్న బ్రష్, తెలుపు రంగు, ఒపాసిటీ (పూత చిక్కదనం) 20. మాస్క్ మీద ఒక్కో పూత వేస్తూ పోండి, దాగిన కాలు మెల్లగా బయటికొస్తుంది. ఎక్కువైతే ఎక్స్ నొక్కి, నలుపుతో వెనక్కి పంపండి. తొందరపడకండి, అరగంట పట్టినా పట్టనివ్వండి.

నున్నటి గోడలాంటి వెనకభాగంలో చారలు తేలితే మాస్క్‌కు కాస్త నాయిస్ (ఇసుకలాంటి సన్నటి చుక్కలు) కలపండి, సర్దుకుంటాయి.

సేవ్ చేసేటప్పుడు గింప్ సొంత ఫైలు రకమైన ఎక్స్‌సీఎఫ్‌గా ఒకటి దాచుకోండి, మాస్క్ అందులో బతికే ఉంటుంది. ప్రింటుకు జేపెగ్ వేరుగా ఎక్స్‌పోర్ట్ చేయండి.

వచ్చే పాఠానికి ఇద్దరి ఫోటోలు విడివిడిగా స్కాన్ చేసి ఉంచుకోండి, వెలుగు ఒకే వైపు నుంచి పడినవి అయితే మంచిది. ఆ రెంటినీ ఒకే కాగితం మీద కలుపుదాం.