ఏ చేపకు ఏ చేప తోడు: మొదటి ట్యాంకు పెట్టుకునేవాళ్లకు

కొత్తగా ట్యాంకు పెట్టుకున్నవాళ్లెవరైనా నన్ను అడిగేది ఒకటే: ‘ఏ చేపలు వేయమంటారు?’ నేను ఎదురడిగేదీ ఒకటే: ‘మీ నీళ్లు ఎలాంటివి?’ ముందు చేపల్ని కొనేసి, ఆ తర్వాత వాటికి తగ్గట్టు నీళ్లను మార్చడం కొత్తవాళ్ల వల్ల అయ్యే పని కాదు. ఉన్న నీళ్లలో హాయిగా బతికే చేపల్నే తెచ్చుకుంటే సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది.

నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతోందా? అయితే మీ నీళ్లలో కఠినత్వం ఎక్కువ. గప్పీ, ప్లాటీ, మోలీలకు అలాంటి నీళ్లే ఇష్టం. పొర కట్టని మెత్తటి నీళ్లయితే నియాన్ టెట్రా, హార్లెక్విన్ రాస్బోరా బాగుంటాయి. జీబ్రా డానియో రెండింట్లోనూ సర్దుకుపోతుంది. ఇది పైపైన చూసే లెక్క మాత్రమే. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం), కఠినత్వం చూపించే టెస్ట్ కిట్ ఒకటి కొనుక్కోండి, చేపల కన్నా ముందే కొనండి.

వెచ్చదనం కూడా కలవాలి. పైన చెప్పినవాటిలో ఎక్కువ రకాలకు 24 డిగ్రీల చుట్టుపక్కల సరిపోతుంది. గోల్డ్‌ఫిష్‌కి అంతకన్నా చల్లటి నీళ్లు కావాలి, డిస్కస్‌కి 28 డిగ్రీలు, ఆపైన కావాలి. అందుకే ఈ రెండింటినీ మొదటి ట్యాంకు లెక్కలోంచి తీసేయండి. గోల్డ్‌ఫిష్ ఎంత పెరుగుతుందో, నీళ్లను ఎంత పాడుచేస్తుందో అది వేరే కథ.

షాపులో అందరి కళ్లూ రంగుల మీదే ఉంటాయి. నేను ముందు చేప నోరు చూస్తాను. నోరు పైకి తిరిగి ఉంటే అది నీటి పైభాగంలో తిరిగే చేప, గప్పీ అలాంటిదే. నోరు ముందుకు ఉంటే నడిమి నీళ్లలో తిరుగుతుంది. కిందికి తిరిగి, పక్కన మీసాలుంటే అడుగున తిరిగే రకం. ఒక్కో ఎత్తులో ఒక్కో రకం ఉండేలా ఎంచుకుంటే చోటు కోసం, మేత కోసం పోటీ తగ్గుతుంది, ట్యాంకు కూడా నిండుగా కనిపిస్తుంది.

ఆ నోటిలో ఏది పడుతుందో కూడా ఊహించుకోవాలి. ఏంజెల్ చేపనే తీసుకోండి. కొనేటప్పుడు నాణెమంత ఉంటుంది, నియాన్‌ల పక్కన సాధువులా తిరుగుతుంది. కొన్ని నెలలకు ఒళ్లే 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. నియాన్ 3, 4 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది, పైగా సన్నటి చేప. రాత్రి లైటు ఆర్పాక నియాన్‌లు రంగు తగ్గి, కదలకుండా నిలబడిపోతాయి. ఏంజెల్‌కి దొరికేది అప్పుడే. పొద్దున చూస్తే ఒంటి మీద గాయం పడ్డ చేప కనపడదు, నేల మీద శవం కనపడదు, లెక్కలో ఒకటి తగ్గుతుందంతే. ఇందులో ఏంజెల్ తప్పేమీ లేదు. నోట్లో పట్టేదాన్ని తినడం దాని నైజం.

షాపులో కనిపించేవన్నీ పిల్లలే అని గుర్తుంచుకోండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ట్యాంకులో పట్టేది సుమారు 55 లీటర్లు. ఇసుక, రాళ్లు వేస్తే ఇంకా తగ్గుతుంది. ఆస్కార్, బాలా షార్క్, పాచి తింటుందని అంటగట్టే మామూలు సక్కర్ ఫిష్... ఇవన్నీ 30 సెంటీమీటర్లు దాటగల చేపలు. పాచి తినే చేపే కావాలనుకుంటే బ్రిసిల్‌నోస్ నయం, దానికీ ఇంకాస్త పెద్ద ట్యాంకుంటేనే సుఖం.

మింగలేకపోయినా కొరికే చేపలున్నాయి. టైగర్ బార్బ్, సెర్పే టెట్రా పొడుగు తోకల్ని వదలవు. గప్పీ తోక అంచున మొదట చిన్న గాటు కనిపిస్తుంది, తర్వాత పీలికలవుతుంది, ఆపైన అక్కడే తెల్లటి దూదిలాంటి ఫంగస్ పడుతుంది. గాటు దశలోనే విడదీస్తే తోక మళ్లీ పెరుగుతుంది. మగ బెట్టాకి (ఫైటర్ ఫిష్) ఆ గప్పీ తోకే పోటీకొచ్చిన ఇంకో మగ బెట్టాలా కనిపించి మీద పడుతుంది. మొదటి ట్యాంకులో బెట్టాని వేరేవాటితో కలపవద్దనే నేను చెబుతాను.

ఇక తోడు సంగతి. ఆరు రకాలు రెండేసి కొనకండి. రెండు రకాలు ఆరేసి కొనండి. గుంపుగా బతికే చేప ఒంటరిదైతే మూలకు నక్కుతుంది, రంగు వెలిసిపోతుంది, మేతకు రాదు. గప్పీల్లో ఒక మగకు ఇద్దరు ముగ్గురు ఆడవి ఉండాలి, లేకపోతే ఆడదాన్ని తరిమి తరిమి చంపుతాయి. పిల్లలు వద్దనుకుంటే మగవాటినే తెచ్చుకోండి. షాపు నుంచి ఆడది ఒక్కటే వచ్చినా, ముందు కలిసిన మగదాని వల్ల నెలల తరబడి ఈనుతూనే ఉంటుంది.

55 లీటర్లకు నా ఎంపిక అడిగితే: మెత్తటి నీళ్లయితే ఎనిమిది హార్లెక్విన్‌లు, ఆరు పాండా కోరీలు (అడుగున తిరిగే మీసాల చేపలు), ఒక హనీ గౌరామి. కాస్త కఠినమైన నీళ్లయితే ఆరు మగ గప్పీలు, ఆరు బ్రాంజ్ కోరీలు. రెండింట్లోనూ కోరీని ఎందుకు పెట్టానో అది తినేటప్పుడు చూస్తే తెలుస్తుంది. కళ్లదాకా ముక్కును ఇసుకలో దూర్చి, నోట్లోకి తీసుకున్న ఇసుకను మొప్పల్లోంచి వదిలేస్తుంది. అందుకే దానికి మెత్తటి ఇసుక ఉండాలి, పదునైన రాళ్ల మీద మీసాలు అరిగిపోతాయి. ఉన్నట్టుండి పైకి దూసుకెళ్లి గాలి గుటక వేసి దిగుతుంది, కంగారుపడకండి, పేగుతో గాలి పీల్చుకోగల చేప అది. అదే పనిగా పైకి పోతుంటే మాత్రం నీళ్లు పరీక్షించండి.

చేపల వ్యర్థాల నుంచి అమ్మోనియా, దాన్నుంచి నైట్రైట్ పుడతాయి, రెండూ చేపలకు విషమే; వాటిని అరిగించే బాక్టీరియా ముందు ఫిల్టర్‌లో పెరగాలి. అందుకే ఏ జత ఎంచుకున్నా, ఫిల్టర్ నడిపి, ఆ బాక్టీరియాకు మేతగా రోజూ కొంచెం అమ్మోనియా అందిస్తూ, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా చేపల్ని వేయకండి. దీనికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ముందు ఒక గుంపును వేయండి. రెండు వారాలు పోయాక పరీక్షలో మళ్లీ సున్నాలే వస్తే రెండో గుంపు. చోటు నాదని కాపలా కాసే గౌరామి లాంటిది చివర్న రావాలి, ముందే వస్తే ట్యాంకంతా తనదే అనుకుంటుంది. కొత్తవాటిని వీలైతే రెండు మూడు వారాలు వేరే తొట్టిలో ఉంచి, ఒంటి మీద తెల్ల చుక్కలు లేవని చూసుకుని కలపండి. కలిపే రోజు కవర్‌ను పావుగంట నీళ్లలో తేలనిచ్చి, లైటు ఆర్పి, చేపల్ని మాత్రమే వలతో లోపలికి వదలండి. కవర్లో నీళ్లు ట్యాంకులో పోయకండి.