దేశం మారితే రోడ్డు దాటే పద్ధతీ మార్చుకోవాలి

నల్గొండ క్లాక్ టవర్ దగ్గరైనా, పాలమూరులో తెలంగాణ చౌరస్తాలోనైనా మనం డ్రైవర్ మొహం చూసి రోడ్డు దాటుతాం. చెయ్యి చూపిస్తాం, అతను స్లో చేస్తాడు, మనం కదులుతాం. పక్కన నలుగురుంటే ధైర్యం ఇంకా ఎక్కువ. అమెరికాకు చదువుకు, దుబాయికి పనికి వెళ్లేవాళ్లకు ఈ అలవాటే ప్రమాదం.

రెండు చోట్లా బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. దగ్గరి లేన్‌లో బండి మీ ఎడమ నుంచి వస్తుంది. కాబట్టి ముందు ఎడమకు, తర్వాత కుడికి, మళ్లీ ఎడమకు చూడాలి. మన మెడ అలవాటుగా కుడికి తిరుగుతుంది కనుక మొదటి వారాల్లో ఫోన్ జేబులోనే ఉండాలి.

అమెరికాలో సిగ్నల్ స్తంభానికున్న బటన్ నొక్కాలి. నొక్కకపోతే చాలా చోట్ల దాటే గుర్తు రాదు. తెల్ల మనిషి బొమ్మ వస్తే దిగొచ్చు. నారింజ రంగు చెయ్యి మెరుస్తూ అంకెలు తగ్గుతుంటే, అప్పటికే దిగినవాళ్లు దాటేయాలి, కొత్తగా ఎవరూ దిగొద్దు. "ఇంకా 8 సెకన్లుంది కదా" అని పరుగెత్తితే సగంలో చిక్కుకుంటారు, ఎందుకంటే నాలుగు లేన్లు దాటడానికి మామూలు నడకతో 12 సెకన్లు పడుతుంది. మరో చిక్కు: చాలా చోట్ల రెడ్ ఉన్నా బండ్లు ఆగి, చూసుకుని కుడికి తిరగొచ్చు. ఆ డ్రైవర్ చూపు ఎడమ నుంచి వచ్చే కార్ల మీద ఉంటుంది. అతని కుడి పక్కనుంచి దిగేవాళ్లు, అతను తమను చూశాడని తేలాకే కదలాలి.

దుబాయిలో దాటడానికి కేటాయించిన చోట తప్ప ఎక్కడ దాటినా 400 దిర్హాముల జరిమానా. వేగంగా బండ్లు నడిచే రోడ్లయితే, 2025 మార్చిలో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం జైలు దాకా పోవచ్చు. అర కిలోమీటరు నడిచైనా వంతెనో, సబ్‌వేనో వెతుక్కోండి.

జపాన్‌లో రోడ్డు ఖాళీగా ఉన్నా జనం ఎర్ర బొమ్మకు ఆగుతారు. నలుగురి ముందు నియమం తప్పడం అక్కడ నామోషీ. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో ఎర్ర లైటు మీద దాటినవాళ్లు ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో సుమారు 42 శాతం, జపాన్‌లో 2 శాతం. జర్మనీలో జరిమానా 5 యూరోలే, కానీ పిల్లలు చూస్తుండగా దాటితే పెద్దవాళ్లు మొహం మీదే అంటారు. ఎక్కడైనా గుంపును కాదు, లైటును చూసి కదలండి.

తిరుగు ప్రయాణంలో ప్రమాదం ఇంకోలా ఉంటుంది. అక్కడ పెరిగిన పిల్లలు జీబ్రా గీతల మీద కాలు పెడితే బండి ఆగుతుందనుకుంటారు. జడ్చర్ల దగ్గర హైవే మీద అలా అనుకుంటే ప్రాణాలకే ముప్పు. 60 కిలోమీటర్ల వేగంతో బండి సెకనుకు 17 మీటర్లు వస్తుంది. డివైడర్ దాకా రెండు లేన్లు, అంటే 7 మీటర్లు, దాటడానికి 6 సెకన్లు. కనీసం 100 మీటర్ల ఖాళీ కావాలి, 80 వేగానికి 135. ముసలివాళ్లకు, పసిపిల్లలకు దానికి రెట్టింపు. డివైడర్ మీద నిలబడే చోటుంటే అక్కడ ఆగి, ఎడమవైపు చూసి మిగతా సగం దాటండి.