కాలవ గట్టు మీద లెక్కల క్లాసు

పిల్లల చేతిలోంచి ఫోన్ లాక్కుంటే సరిపోదండి, బదులుగా చేతికి ఏదో ఒకటి ఇవ్వాలి, కోనసీమలో అయితే అది దొడ్లోనే దొరుకుతుంది. పచ్చి కొబ్బరాకు కోసి, ఈనె తీసేసి బూర, వాచీ, కళ్లజోడు చేయించండి. మీకు రాకపోతే తాతయ్యని అడగండి, ఆయనకి అంతకన్నా సరదా ఉండదు.

లెక్కలకి మాత్రం కాలవ గట్టే. టేపుతో పది మీటర్లు కొలిచి రెండు పుల్లలు గుచ్చి, ఎగువ పుల్ల దగ్గర కొబ్బరి డొక్క ముక్క నీళ్లలో వేసి, దిగువ పుల్ల దాకా రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్లో చూడమనండి (దీనికి ఫోన్ పనికొస్తుంది లెండి). 20 సెకన్లు పడితే సెకనుకి అర మీటరు. ఒడ్డు పక్కన ఒకసారి, మధ్యలో ఒకసారి వేయిస్తే, మధ్యలో వేగం ఎందుకని వాళ్లే అడుగుతారు. ఆ నీళ్లు ధవళేశ్వరం నుంచి వస్తున్నాయని, కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిందని అప్పుడు చెబితే చెవికెక్కుతుంది. పెద్దవాళ్లు పక్కన లేకుండా గట్టు మీదకి పంపొద్దు. వేసవిలో కాలవలకి నీళ్లు ఆపేస్తారు, చూసుకోండి.

ఇంట్లో అయితే గుప్పెడు విత్తన వడ్లు రోజంతా నానబెట్టి తడిగుడ్డలో మూటకట్టండి. మొలకలొచ్చాక కొన్ని వెలుగులో, కొన్ని చీకట్లో పెంచితే చీకట్లోవి పాలిపోతాయి.

కోరింగ మడ అడవికి వెళ్తే చెక్కబాట మీద ఆగి, బురదలోంచి పైకి లేచిన వేర్లు చూపించండి, బురదలో ఉన్న వేర్లకి గాలి అందేది వాటితోనే. నీళ్లు తగ్గినప్పుడే బాగా కనిపిస్తాయి, ఆటుపోట్లు ఎప్పుడో ముందే కనుక్కుని బయల్దేరండి.