సైట్లు నిండుగా, జేబు ఖాళీగా: కుటుంబ గార్డెన్ కాంట్రాక్టులో సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

రాజమండ్రి దగ్గరి కడియం, కడియపులంక చుట్టుపక్కల నర్సరీ కుటుంబాల్లో ఇది మామూలే. నాన్న, పెద్దబ్బాయి నర్సరీ చూసుకుంటారు. చిన్నబ్బాయి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో గది తీసుకుని విల్లాలకు, అపార్ట్‌మెంట్లకు గార్డెన్లు వేయడం మొదలుపెడతాడు. మొక్క మనది, పనిచేసేది మనవాళ్లు, కాబట్టి ఎవరికన్నా తక్కువ రేటుకు చేయగలం అన్నది వాళ్ల ధీమా. కింద రాసిన సమస్యల్లో సగానికి పైగా ఆ ధీమాలోంచే పుడతాయి. మీ దగ్గర కనిపిస్తున్న లక్షణం ఏదో చూసుకుని అక్కడి నుంచి చదవండి.

సమస్య: ఏడాదంతా పని ఉంది, చేతిలో డబ్బు లేదు

ముందు ఒకటి తేల్చుకోవాలి. డబ్బు బయట ఇరుక్కుందా, అసలు మిగలనే లేదా? ఈ మధ్య పూర్తయిన సైట్లు రెండు మూడు తీసుకుని, రావాల్సినదంతా వచ్చేసిందనే అనుకుని లెక్క వేయండి. అప్పుడు లాభం కనిపిస్తే మీ జబ్బు వసూళ్లలో ఉంది, తర్వాతి సమస్యకు వెళ్లండి. అప్పటికీ మిగలకపోతే లోపం రేటులోనే ఉంది.

రేటు తప్పడానికి నాకు కనిపించే కారణాలు మూడు. మొదటిది, ఇంటి మనుషుల కూలి రాయకపోవడం. అన్నయ్య పొద్దున ఆరింటి నుంచి సైటులో నిలబడితే అది సూపర్‌వైజర్ ఉద్యోగం. వదిన రాత్రి కూర్చుని బిల్లులు రాస్తే అది అకౌంటెంట్ పని. రేపు వాళ్ల స్థానంలో బయటివాళ్లను పెట్టాల్సి వస్తే ఎంత ఇస్తారో అంత ప్రతి క్వొటేషన్‌లోనూ పడాలి. రెండోది, మన నర్సరీ మొక్కను సున్నా ధరకు లెక్కేయడం. ఆ మొక్క పక్క నర్సరీవాడికి హోల్‌సేల్‌లో ఎంతకు పోతుందో అదే మీ కొనుగోలు ధర. నర్సరీ నుంచి గార్డెన్ పనికి వెళ్లే ప్రతి లోడుకూ ఆ రేటుకే చీటీ రాయండి. లేకపోతే నర్సరీ సంపాదించింది కాంట్రాక్టు తినేస్తున్నా ఏళ్ల తరబడి తెలియదు.

మూడోది శాతాల తికమక. ఖర్చు 1,00,000 అయితే పైన 25% వేసి 1,25,000 అంటారు, 25% లాభం అనుకుంటారు. బిల్లులో అది 20 శాతమే. బండి, పెట్రోలు, గది అద్దె, ఫోన్లు, చచ్చిన మొక్కల బదులు కొత్తవి, ఆడిటర్ ఫీజు కలిపి బిల్లులో 15% పోతాయనుకుందాం. అంటే 18,750. మిగిలేది 6,250. అందులో ఇద్దరు అన్నదమ్ముల కూలి ఇంకా రాయనే లేదు. బిల్లులో నిజంగా 25% మిగలాలంటే ఖర్చును 0.75తో భాగించాలి, 1,33,000 దాటి చెప్పాలి.

కొలతల్లోనూ ఇలాగే జారిపోతుంది. 1,000 చదరపు అడుగుల లాన్‌కు ఆరంగుళాల ఎర్రమట్టి అంటే 500 ఘనపుటడుగులు. కానీ బండిలో వచ్చేది వదులు మట్టి. తడిపి, రోలర్ తిప్పాక అణుగుతుంది. పావు వంతు ఎక్కువ పట్టుకుంటే 625 కావాలి. క్వొటేషన్‌లో 500 రాసినవాడు మిగతా 125 చేతి నుంచి పోసుకుంటాడు. ట్రాక్టరువాడు చెప్పిన కొలత నమ్మకుండా, దింపకముందే తొట్టిని టేపుతో కొలవండి. ఒక్కసారి కొలిస్తే చాలు, మరుసటి రోజు నుంచి లోడు దానంతటదే నిండుగా వస్తుంది.

సమస్య: పని అయిపోయింది, బిల్లు మాత్రం "వచ్చే వారం చూద్దాం"

కారణం చాలాసార్లు క్లయింటు కాదు, వాయిదాలు పెట్టిన తీరు. పచ్చటి లాన్ పరిచి, చెట్లు నిలబెట్టాక మీ చేతిలో పట్టు ఏమీ ఉండదు. అందుకని డబ్బు మీ ఖర్చుకన్నా ఒక అడుగు ముందు నడవాలి. అడ్వాన్సు 40%, మట్టి పని అయ్యి మొక్కల లోడు బయల్దేరే ముందు 30%, నాటడం పూర్తయిన రోజు 20%, నెల తర్వాత మిగతా 10% పెట్టుకుంటే చివర్లో ఇరుక్కున్నా నష్టపోయేది చిన్న మొత్తమే. రెండో వాయిదా రానిదే కడియంలో లోడు ఎక్కించకండి. తెలిసినవాళ్లు, బంధువుల బంధువులు అన్న మొహమాటం ఇక్కడే కొంప ముంచుతుంది.

వర్క్ ఆర్డరు లేకుండా, వాట్సాప్‌లో "ఓకే" అన్న మాట మీద మొదలెట్టకూడదు. అదనపు పని చెప్పినప్పుడు, "ఇక్కడ నాలుగు పామ్ చెట్లు కూడా పెట్టేయండి" అన్నప్పుడు, అదే రోజు రేటుతో మెసేజ్ పంపి జవాబు తెప్పించుకోండి.

చట్టం మీ పక్కనే ఉంది, కొంతవరకు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (కేంద్రం దగ్గర చిన్న వ్యాపారాల నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపే చెల్లించాలి, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఇంకో మెలిక వచ్చింది. గడువులో మీకు చెల్లించని వ్యాపారి ఆ ఖర్చును ఆ ఏడాది తన ఆదాయపు పన్ను లెక్కలో చూపుకోలేడు, కట్టిన ఏడాదే చూపాలి. బిల్డర్ల దగ్గర ఫిబ్రవరి, మార్చిల్లో ఈ మాట మర్యాదగా గుర్తుచేస్తే పనిచేస్తుంది. ఈ రక్షణ కొని అమ్మే వర్తకానికి వర్తించదు, కాబట్టి మీరు చేసింది సర్వీసు అని బిల్లులో స్పష్టంగా కనిపించాలి. ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు కూడా. కానీ బిల్డరు మీద ఫిర్యాదు చేసినవాడికి ఆ బిల్డరు తర్వాతి ప్రాజెక్టు దొరకదని అందరికీ తెలుసు. వాయిదా రాలేదని పని మధ్యలో ఆపడమే నా దృష్టిలో మెరుగైన మందు.

బిల్లులో ఒక శాతమో రెండు శాతాలో తగ్గి వచ్చిందా? గొడవపడే ముందు ఆదాయపు పన్ను సైట్‌లో మీ పేరున కట్టిన పన్ను చూపే పత్రం (26ఏఎస్) చూసుకోండి. ఒక బిల్లు 30,000 దాటినా, ఏడాది మొత్తం లక్ష దాటినా కంపెనీలు కాంట్రాక్టర్ దగ్గర టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తాయి. వ్యక్తికి 1%, భాగస్వామ్య సంస్థకు 2%. అది మీ డబ్బే, రిటర్నులో తిరిగి అడగొచ్చు.

సమస్య: "మొక్కలకు పన్ను లేదుగా, జీఎస్‌టీ ఎందుకు వేశారు?"

బతికున్న మొక్కకు జీఎస్‌టీ లేదు. గార్డెన్ వేసే, నిర్వహించే సర్వీసుకు 18% ఉంది. రెండూ కలిపి ఒకే ధర చెబితే, పనిలో ప్రధానమైనది సర్వీసు కాబట్టి మొత్తం మీద 18% పడే ప్రమాదం ఉంది. మొక్కలు మాత్రమే సరఫరా చేస్తే ఆ ఆర్డరు, ఆ బిల్లు వేరుగా ఉండాలి. గార్డెన్ మొత్తం అప్పగించే పనైతే పన్ను కలిపే రేటు చెప్పండి. పని మధ్యలో ఆ 18% ఎవరు భరించాలన్న పేచీ వస్తే చివరికి కాంట్రాక్టరే భరిస్తాడు.

చాలామంది చూసుకోని సంగతి ఇంకొకటి. సర్వీసుకు రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 20 లక్షలు. ఒకే పాన్ మీద నర్సరీ అమ్మకాలు, గార్డెన్ పని రెండూ నడుస్తుంటే, పన్నులేని మొక్కల అమ్మకాలు కూడా ఆ 20 లక్షల లెక్కలోకి వస్తాయి. నర్సరీ ఎవరి పేరున, కాంట్రాక్టు ఎవరి పేరున ఉండాలో ఆడిటర్‌తో కూర్చుని మొదట్లోనే తేల్చుకోండి.

సమస్య: నాటిన నెలకే మొక్కలు చస్తున్నాయి

చచ్చిన మొక్కను పారేయకండి. పీకి చూడండి, కారణం వేళ్ల దగ్గరే దొరుకుతుంది.

వేళ్ల చుట్టూ ఉన్న మట్టిగడ్డ లోపల పొడిగా, రాయిలా ఉందా? గోదావరి వైపు నుంచి వచ్చే చాలా మొక్కల గడ్డ బంకమట్టి. హైదరాబాద్ ఎర్రమట్టిలో, మొరంలో పెట్టాక ఆ గడ్డ ఒకసారి ఎండిందంటే నీళ్లు దాని పక్కనుంచి జారిపోతాయి, లోపలికి దిగవు. పైన తడిగా ఉంటుంది, మొక్క దాహంతో చస్తుంది. నాటేముందు సంచితోనే నీళ్లలో బాగా నానబెట్టి, గడ్డ పగలకుండా అంచుల్ని వేళ్లతో కాస్త వదులు చేసి నాటాలి. మొదటి రెండు మూడు వారాలు పైపుతో కొట్టకుండా మొక్క మొదలు దగ్గరే నీళ్లు నెమ్మదిగా వదలాలి. లోడు దిగిన రోజే నాటడం కూడా మంచిది కాదు. గోదావరి తేమలో పెరిగిన మొక్కను పది, పదిహేను రోజులు షేడ్‌నెట్ కింద ఉంచి దక్కన్ ఎండకు అలవాటు చేయాలి.

గడ్డ తడిసి, కుళ్లు వాసన వస్తుందా? గుంత కింద బిల్డరు కప్పెట్టిన సిమెంటు, ఇటుక ముక్కలు ఉండి ఉంటాయి, లేదా నల్లరేగడి. పని మొదలెట్టకముందే రెండడుగుల గుంత తీసి నీళ్లు నింపండి. మర్నాటికీ ఇంకకపోతే ఆ సైటుకు మురుగు దారి కావాలి, దానికి వేరే రేటు కావాలి.

వేళ్లు సంచి ఆకారంలో చుట్లు చుట్టుకున్నాయా? అది ముసలి సరుకు. ఎత్తు చూసి కొన్నారు, వేరు చూడలేదు. మన నర్సరీలో అమ్ముడుపోనిది సైటుకు తోలినా ఇదే ఫలితం. నాన్నగారు పంపారు కదా అని నాటేయకండి, లోడును సైటు దగ్గర కూడా తనిఖీ చేసి తిప్పిపంపే హక్కు తమ్ముడికి ఉండాలి.

ఆకుల కొనలు మాడిపోతున్నాయంటే నీళ్లను అనుమానించండి. అపార్ట్‌మెంట్లలో గార్డెన్‌కు ఇచ్చేది ఎక్కువగా మురుగు శుద్ధి ప్లాంటు (ఎస్‌టీపీ) నీళ్లు, లేదా ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్లు. నీటి పరీక్ష చేయించి, ఉప్పును ఓర్చుకునే మొక్కలు ఎంచుకోవాలి, అప్పుడప్పుడు మంచినీళ్లతో బాగా తడిపి ఆ ఉప్పును కిందికి దించాలి. డ్రిప్పు రంధ్రాలు తెల్లగా పూడుకుపోవడానికీ ఈ నీళ్లే కారణం.

లాన్ సంగతి వేరే. చెట్టు నీడలో, రెండు టవర్ల మధ్య పలచబడితే ఎరువు వేసి లాభం లేదు, రోజులో అయిదారు గంటల ఎండ లేనిచోట మెక్సికన్ గడ్డి నిలవదు. అక్కడ బఫెలో గడ్డో, నీడ మొక్కలో పెడతానని ముందే చెప్పండి. తుంగ లేస్తోందంటే గడ్డలు ఎర్రమట్టితోనే వచ్చాయి. మట్టి పరిచాక గడ్డి వెంటనే వేయకుండా రెండు మూడు వారాలు తడుపుతూ, మొలిచినదాన్ని గడ్డతో సహా తవ్వి తీయాలి. లాన్ వేశాక అయితే హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ లాంటి మందు లేబుల్ చూసి వాడాలి. గ్లైఫోసేట్ కొడితే తుంగతోపాటు లాన్ కూడా పోతుంది. గడ్డి చాపలా లేచి వచ్చేస్తే కింద వేరుపురుగు ఉంది, మాగని పశువుల ఎరువుతో వచ్చింది.

నీళ్ల లెక్క క్లయింటుకు కాగితం మీద ఇవ్వండి. ఎండాకాలంలో లాన్‌కు రోజుకు 5, 6 మిల్లీమీటర్లు కావాలి, అంటే 1,000 చదరపు అడుగులకు సుమారు 500 లీటర్లు. వాచ్‌మన్ పది నిమిషాలు పైపు పట్టుకుంటే అంత రాదు. మొక్కల గ్యారంటీని ఈ నీళ్లకు ముడిపెట్టండి.

సమస్య: మేస్త్రీ వెళ్లిపోయాడు, వెంట క్లయింట్లూ వెళ్లారు

మేస్త్రీని తిట్టుకునే ముందు చూడాల్సింది, క్లయింటు ఫోనులో ఎవరి నంబరు ఉందన్నది. నెలల తరబడి యజమాని మొహం చూపకపోతే ఆ గార్డెన్ మేస్త్రీదే. నెలకొకసారి ఇంటి మనిషి ఒకరు వెళ్లి, నడిచి చూసి, చేయాల్సినవి రాసి ఇవ్వాలి. మాలీలు నిలవకపోవడానికి కూలి కంటే పెద్ద కారణం ఇద్దరు పెత్తందార్లు. నాన్నగారు ఫోనులో "ఆ చెట్టు కొట్టకు" అంటారు, అబ్బాయి సైటులో "కొట్టేయ్" అంటాడు. ఒక సైటుకు ఒక్క నోరే ఉండాలి. పది మందికి చేరితే ఈఎస్ఐ, ఇరవైకి పీఎఫ్ వర్తిస్తాయి. పెద్ద అపార్ట్‌మెంట్లు బిల్లుతోపాటు ఆ చలాన్లు అడుగుతాయి, కాబట్టి ఆ ఖర్చు రేటులో ముందే ఉండాలి.

సమస్య: అన్నదమ్ములకు మాటల్లేవు

ఎవరు ఎంత తీసుకుంటున్నారో ఎక్కడా రాసి లేదు, అంతే. గల్లాపెట్టెలోంచి ఎవరి అవసరానికి వాళ్లు తీసుకోవడం పెళ్లిళ్లు కాకముందు నడుస్తుంది. ఆ తర్వాత ప్రతి కొత్త బండి, ప్రతి స్కూలు ఫీజు అనుమానానికి దారితీస్తుంది. అందరికీ నెల జీతం, నర్సరీ నేలకు నాన్నగారికి కౌలు, మిగిలిన లాభంలో వాటాలు. బిల్లులు రాసే వదినకూ జీతం, ఆమె ఖాతాలోకే. ఇవన్నీ భాగస్వామ్య పత్రంలో రాసి రిజిస్టర్ చేయించండి. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం రిజిస్టర్ కాని సంస్థ, బాకీ ఎగ్గొట్టిన క్లయింటు మీద ఒప్పందం ఆధారంగా దావా వేయలేదు. ఒక్క కాగితంతో ఇంటి గొడవ, వసూళ్ల గొడవ రెండూ సర్దుకుంటాయి.

సమస్య: పని పెంచేకొద్దీ నష్టం పెరుగుతోంది

నెలవారీ నిర్వహణ పనులను ముందు లెక్కేయండి. ఒక విల్లాకు వారానికి రెండుసార్లు ఇద్దరు మాలీలు చెరో పూట (సగం రోజు) పనిచేస్తే వారానికి రెండు, నెలకు దాదాపు తొమ్మిది పనిదినాలు. కూలి 700 అనుకుంటే 6,300. మీరు తీసుకుంటున్నది 6,000 అయితే, ఎరువు, పెట్రోలు పక్కన పెట్టినా, ఆ విల్లాకు మీరే ఎదురు డబ్బు ఇస్తున్నారు. అలాంటివి ఇరవై చేరితే పని పెరిగినట్టే కనిపిస్తుంది.

రేటు సరిచేశాక చూడాల్సింది దూరం. కొంపల్లిలో ఒకటి, శంషాబాద్‌లో ఒకటి, ఉప్పల్‌లో ఒకటి ఉంటే మాలీల సగం పూట ట్రాఫిక్‌లోనే పోతుంది. కొత్త క్లయింటును ఇప్పటికే మీరున్న కాలనీలో వెతకండి. దూరంగా ఉన్న చిన్న సైట్లను ఏడాది ఒప్పందం ముగియగానే వదిలేయండి. నిర్వహణ ఆదాయంతోనే గది అద్దె, ఇంటివాళ్ల జీతాలు, బండి ఈఎంఐ వెళ్లిపోతుంటేనే రెండో బండి, రెండో సూపర్‌వైజర్. తొలకరి నుంచి దసరా దాకా ఉండే కొత్త పనుల జోరు చూసి ఈఎంఐ ఒప్పుకుంటే, ఏప్రిల్‌లో నర్సరీ డబ్బుతో కట్టాల్సి వస్తుంది.

ఆ ఏప్రిల్, మే నెలల్లోనే ఏదో ఒక బిల్డరు ఫోన్ చేసి, పది రోజుల్లో అప్పగింత ఉంది, ఎకరం లాన్ పరచాలి అంటాడు. చేతిలో పని లేదు కాబట్టి ఒప్పేసుకోవాలనిపిస్తుంది. డబ్బంతా ముందే ఇచ్చి, ట్యాంకర్ల ఖర్చు తనే భరించి, చచ్చిన మొక్కలకు బాధ్యత మీది కాదని రాసిస్తేనే ఒప్పుకోండి. లేదంటే జూన్‌లో రమ్మనండి.